అంటు చాకు లాకు రిపేరు: మే నుంచి జూలై దాకా రాసుకున్న డైరీ

కడియపులంకలో మాది చిన్న నర్సరీ. అంట్లు కట్టడానికీ పాలిథిన్ సంచులు కోయడానికీ ఆరేళ్లుగా ఒకటే మడత చాకు వాడుతున్నాను. మే 9న దాని లాకు జారింది. ఎండిపోయి గట్టిపడ్డ మట్టి సంచిలో మొన దిగబడితే అటూ ఇటూ ఊపి వెనక్కి లాగాను, బ్లేడు అమాంతం మడుచుకుని చూపుడు వేలి మీద పడింది. రెండు కుట్లు. నిజానికి అప్పటికి నెల రోజుల నుంచీ బ్లేడు కాస్త ఊగుతూనే ఉంది, నేనే పట్టించుకోలేదు.

జూలైలో మామిడి అంట్లు మొదలయ్యేలోపు బాగుచేసుకోవాలి, అదీ గడువు. ఇలాంటి చాకే మీ దగ్గరుంటే నేను చేసిన తప్పులు మళ్లీ చెయ్యక్కర్లేదని ఇదంతా రాస్తున్నాను. అసలు పని ఒకటిన్నర రోజు. మిగతాదంతా తప్పుడు చోట వెతకడమే.

## ముందు పేర్లు చెప్పుకుందాం

చాకు పిడిలో రెండు పక్కలా 1.2 మి.మీ. ఉక్కు రేకులు ఉంటాయి, వాటి మీద ప్లాస్టిక్ చెక్కలు. బ్లేడు పొడవు 80, మందం 3 మి.మీ. ఒక రేకులో కొంత భాగాన్ని నిలువుగా చీల్చి లోపలికి వంచి ఉంచుతారు. దాన్ని నేను నాలుక అంటాను. బ్లేడు పూర్తిగా తెరవగానే ఈ నాలుక స్ప్రింగులా లోపలికి తోసుకొచ్చి బ్లేడు వెనక భాగానికి, అంటే మడమకి, అడ్డం పడుతుంది. అదే లాకు. దీన్ని లైనర్ లాక్ అంటారు.

మడమ ముఖం నిటారుగా ఉండదు, కాస్త వాలుగా ఉంటుంది. మన తలుపు కింద పెట్టే చెక్క ముక్క లాంటి పని అన్నమాట: నాలుక ఎంత లోపలికి జరిగితే అంత బిగుస్తుంది. బ్లేడు ఇంకో వైపు ఒక చిన్న అడ్డ పిన్నుకి ఆనుకుని ఆగుతుంది, అది స్టాప్ పిన్ను. బ్లేడు తిరిగేది ఇరుసు స్క్రూ మీద. మూసినప్పుడు బ్లేడు ఊడి బయటికి రాకుండా నాలుకలో ఒక చిన్న ఉక్కు గోళీ ఉంటుంది, అది బ్లేడులో ఉన్న గుంటలో కూర్చుంటుంది.

ఈ ఐదు పేర్లు గుర్తుంటే చాలు.

## దశ 0: ఎంత బరువుకి జారుతోంది? (మే 11)

చేత్తో నొక్కి "పర్లేదు, నిలుస్తోంది" అనుకోవడమే నా వేలు తెగడానికి కారణం. అందుకని కొలత పెట్టుకున్నాను. మా షెడ్డులో బెంచి వైస్ ఉంది, ఖాళీ పెయింటు డబ్బా ఉంది, నీళ్లకి కొదవ లేదు (కాలవలు కట్టేసినా బోరు ఉంది). లీటరు నీళ్లంటే కిలో, వేరే తూకం రాళ్లు అక్కర్లేదు.

1. బ్లేడు పదును వైపు పాత సైకిలు ట్యూబు ముక్క తొడిగి దారంతో కట్టాలి.
2. బ్లేడు తెరిచి, పదును కిందకి ఉండేలా, పిడి తోకని మాత్రమే వైస్‌లో బిగించాలి. నాలుక ఉన్న చోట బిగిస్తే చెక్కలు నొక్కుకుని లెక్క తప్పొస్తుంది. మొదటిసారి నేను అలాగే బిగించి అరగంట పోగొట్టుకున్నాను.
3. ఇరుసు నుంచి 60 మి.మీ. దూరంలో బ్లేడు వీపు మీద కొక్కెం వేసి డబ్బా వేలాడదీయాలి.
4. అర లీటరు చొప్పున నీళ్లు పోస్తూ పోవాలి. చేతులూ కాళ్లూ డబ్బా కింద ఉండకూడదు.

డబ్బా బరువు 400 గ్రాములు, కింది లెక్కలన్నిటిలో అది కలిపే రాస్తున్నాను.

మొదటి ఫలితం: 1.9 కిలోలకి జారింది. మూడుసార్లు చేస్తే 1.9, 1.4, 1.9.

రెండో కొలత నాలుక ఎక్కడ ఆగుతోంది అన్నది. వెర్నియర్ (మందం కొలిచే పరికరం) లోపలికి దూరదు కాబట్టి ఫోనుతో పైనుంచి దగ్గరగా ఫొటో తీసి, పెద్దది చేసి, బ్లేడు మందం 3 మి.మీ. అని తెలుసు కాబట్టి దాని నిష్పత్తిలో చూశాను. బాగున్న చాకులో నాలుక అంచు మడమ మందంలో మూడో వంతుకీ సగానికీ మధ్య ఎక్కడో ఆగాలి, అంటే 1.0 నుంచి 1.5 మి.మీ. నాది 3.0. అంటే అవతలి రేకుకి వెళ్లి గుద్దుకుని, ఇంకా పోవాలన్నా చోటు లేక ఆగిపోయింది. బ్లేడు మొన పైకీ కిందకీ అర మిల్లీమీటరు ఊగుతోంది.

ఈ రెండో అంకె అర్థం అప్పుడే నాకు తెలిసుంటే ఈ డైరీ ఇక్కడే సగం అయిపోయేది. నేను మాత్రం "స్ప్రింగు లూజైపోయింది, అంతే" అనుకున్నాను.

ఇప్పటిదాకా: 1 గంట, ఖర్చు రూ. 0.

## దశ 1: విప్పడం, కడగడం, నూనె పెట్టడం అనే తప్పు (మే 12, 13)

స్క్రూలకి నక్షత్రం తలలు. ఇరుసుది టీ8 సైజు, పిడివి టీ6. బిట్ల సెట్టు రూ. 180కి కొన్నాను, కానీ అది రాకముందే ఆత్రంతో సన్న స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పి ఒక టీ6 తల గుండ్రంగా అరగదీశాను. ఫ్యాక్టరీలో ఈ స్క్రూలకి జిగురు వేస్తారు, అది వేడికి మెత్తబడుతుంది. సోల్డరింగ్ ఐరన్ మొనని స్క్రూ తల మీద ఒక నిమిషం ఆనించి, బిట్టుని సుత్తితో చిన్నగా కొట్టి దింపి తిప్పితే వచ్చింది. మిగతా స్క్రూలకి ముందే వేడి చూపించాను, ఒక్కటీ మొరాయించలేదు.

లోపల చూస్తే ఆరేళ్ల నర్సరీ అంతా అందులోనే ఉంది. మామిడి సొన నల్లగా గట్టిపడి పక్కు కట్టింది, పనస జిగురులో కొబ్బరి పొట్టు అతుక్కుని నాలుక మొదలు దాకా పాకింది, ఇరుసు చుట్టూ తుప్పు. పనస జిగురు నీళ్లకీ సబ్బుకీ లొంగదు, ఇది ఈ చుట్టుపక్కల ఎవరికీ చెప్పక్కర్లేదు. కొబ్బరి నూనె రాసి పావుగంట వదిలేసి, తరవాత కిరసనాయిలుతో, పాత టూత్‌బ్రష్షుతో రుద్దితే పోయింది.

బిగించి, "ఇంత కష్టపడ్డాం కదా" అని అన్ని చోట్లా కుట్టు మిషన్ నూనె చుక్కలు వేశాను. నాలుక మొన మీద కూడా.

ఫలితం: 0.9 కిలోలకే జారింది. ముందుకన్నా అధ్వాన్నం!

రాత్రంతా టెన్షన్. పొద్దున్న కాగితం మీద వేసుకుంటే విషయం తేలింది. మడమ వాలు ఫొటోలో కొలిస్తే దాదాపు 8 డిగ్రీలు. 8 డిగ్రీల టాన్ విలువ 0.14. నాలుకకీ మడమకీ మధ్య ఘర్షణ గుణకం (రెండూ ఎంత రాసుకుని ఆగుతాయో చెప్పే అంకె) 0.14 కంటే ఎక్కువుంటే ఎంత నొక్కినా నాలుక పక్కకి జరగదు, అంతకంటే తగ్గితే తడి సబ్బుముక్కలా జారిపోతుంది. పొడి ఉక్కు ఆ గీత దాటి ఉంటుంది, నూనె తగిలిన ఉక్కు ఆ గీత దగ్గరే తచ్చాడుతుంది. అంటే సొన, జిగురు, నూనె ఏదైనా సరే, లాకు ముఖం మీద ఉండకూడదు. నూనె ఇరుసుకి మాత్రమే, అదీ సూది మొనతో ఒక్క చుక్క.

మళ్లీ విప్పి నాలుక మొన, మడమ ముఖం రెండిటినీ స్పిరిట్‌తో తుడిచాను (రూ. 40). 2.9 కిలోలు. మెరుగే, కానీ నాలుక ఇంకా 3.0 దగ్గరే ఉంది, ఊపు అలాగే ఉంది.

ఇప్పటిదాకా: 3.5 గంటలు, రూ. 220.

## దశ 2: నాలుక వంచడం (మే 17)

ఇది అందరూ ముందు చేసే పని, నేనూ చేశాను. నాలుకని లోపలికి ఇంకాస్త వంచితే స్ప్రింగు బలం పెరిగి గట్టిగా పట్టుకుంటుందని ఊహ. రేకు విడిగా తీసి, వేలితో నొక్కి, కొంచెం కొంచెంగా వంచాను. విడిగా పెట్టినప్పుడు నాలుక లోపలికి వచ్చే దూరం 4 నుంచి 6 మి.మీ.కి పెరిగింది.

బిగించాక మూయాలంటే బొటనవేలు నొప్పి పుడుతోంది. తెరవాలంటే గోళీ బ్లేడు పక్కన గట్టిగా రాసుకుని గీత పడింది, అది ఇప్పటికీ ఉంది. పరీక్ష పెడితే 2.9 నుంచి 3.4. అంత వంచితే పెరిగింది అర కిలో!

ఆలోచిస్తే ఇందులో వింతేం లేదు. నాలుక అప్పటికే అవతలి రేకుని గుద్దుకుని ఉంది. దాన్ని ఇంకా గట్టిగా తోస్తే గోడని ఇంకా గట్టిగా తోసినట్టే, మడమ మీద బిగువేం పెరగదు. స్ప్రింగు ఎప్పుడూ బలహీనం కాలేదు, దానికి చోటు అయిపోయింది. వంచినదాన్ని మళ్లీ 4.5కి వెనక్కి తెచ్చాను. వంచి మళ్లీ వంచితే రేకు అలసిపోయి విరుగుతుంది, రెండోసారి మాత్రం ఈ ఆట ఆడొద్దు.

బాబాయ్ అప్పుడే టీ తాగుతూ వచ్చి చూశాడు. "మూడొందల యాభై పెడితే కొత్తదొస్తుంది కదరా, దీనికి ఆపరేషన్లు ఎందుకు?" అన్నాడు. జవాబు నా దగ్గర ఉంది: ఆ మూడొందల యాభై చాకులు రెండేసి వేల అంట్లకే మొద్దుబారతాయి, ఈ బ్లేడు ఉక్కు మంచిది. పైగా చెయ్యి అలవాటు పడిపోయింది. పైకి మాత్రం "చూద్దాం" అన్నాను.

డిజిటల్ వెర్నియర్ కొన్నాను, రూ. 650. బాబాయ్‌కి చెప్పలేదు.

ఇప్పటిదాకా: 5.5 గంటలు, రూ. 870.

## దశ 3: సుత్తి దెబ్బలు (మే 24, మండుటెండలో)

నాలుక పొడవు పెంచితే మడమని ముందే అందుకుంటుంది కదా. పొడవు పెంచడమంటే మొనకి కాస్త వెనగ్గా, రేకు పక్క మీద చిన్న సుత్తితో కొట్టి ఇనుముని ముందుకి సాగదీయడం. మా షెడ్డులో రైలు పట్టా ముక్క ఒకటి దాకలిగా పనికొస్తుంది. పది చిన్న దెబ్బలు, కొలవడం, ఇంకో ఐదు దెబ్బలు. 0.05 మి.మీ. సాగింది. అంటే కాగితం మందంలో సగం.

ఆ సగం కాగితానికే నాలుక 3.0 నుంచి 2.8కి వచ్చింది, బ్లేడు ఊపు పోయింది, పరీక్షలో 5.4 కిలోలు నిలిచింది. నేను పనయిపోయిందనుకుని ఆ రాత్రి మామిడికాయ పప్పుతో రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

తరవాత మూడు రోజులు ఖాళీ దొరికినప్పుడల్లా తెరిచి మూయడం, లెక్కపెట్టడం. 50కి 2.85. 100కి 2.95. 150కి మళ్లీ 3.0, ఊపు కూడా వచ్చేసింది. సుత్తితో సాగదీసిన ఇనుము మొన దగ్గర సన్నగా ఉంటుంది, గట్టి మడమ దాన్ని తిరిగి నొక్కేసింది. ఇలా ఎన్నిసార్లయినా కొట్టచ్చు, ప్రతిసారీ నూట యాభైకి మొదటికే. అంట్ల సీజన్‌లో నూట యాభై అంటే నాకు రెండు మూడు రోజులు.

పైగా దెబ్బలకి మొన అంచులు పుట్టగొడుగులా విప్పారాయి. వాటిని సానరాయితో సరిచేశాను. ఆకురాయి వాడొద్దు, ఒక్క గీతకే ఎక్కువ లాగేస్తుంది. సరిచేసేటప్పుడు కోణం తప్పకుండా ఉండాలంటే:

1. నాలుక ముఖానికి నల్ల మార్కర్ పూయాలి.
2. చాకు బిగించి, ఐదుసార్లు తెరిచి మూయాలి.
3. విప్పి, రంగు ఎక్కడ పోయిందో చూడాలి. ఒక మూలే పోయిందంటే అక్కడ మాత్రమే తగులుతోందన్నమాట.
4. ఆ మూలని సానరాయి మీద రెండు మూడు సార్లు రుద్ది, మళ్లీ ఒకటో అంకె నుంచి.

నాది ఏడుసార్లు పట్టింది. చివరికి ముఖంలో మూడొంతుల రంగు పోయింది, చాలనుకున్నాను.

ఇప్పటిదాకా: 7.5 గంటలు, రూ. 870. ఫలితం సున్నా.

## దశ 4: అసలు దొంగ (మే 30)

రంగు పరీక్ష కోసం ఏడోసారి విప్పినప్పుడు స్టాప్ పిన్ను టేబుల్ మీంచి దొర్లింది. స్వర్ణ బియ్యం గింజ కంటే కాస్త పొడవు, అంతే ఉంటుంది. గుండ్రటి వస్తువు సాఫీగా దొర్లాలి కదా, ఇది దొర్లి దొర్లి ఒక చోట టక్కున ఆగింది. మళ్లీ తోశాను. మళ్లీ అలాగే ఆగింది.

గోరు పెట్టి చూస్తే ఒక వైపు చదును. వెర్నియర్ పెడితే మామూలు చోట 4.00, చదును మీద 3.90. ఆరేళ్లపాటు బ్లేడు తెరిచిన ప్రతిసారీ అక్కడే టప్పుమని కొట్టుకుని పల్లం పడింది. నేను బ్లేడుని మణికట్టు విదిలించి తెరుస్తాను, ఆ చప్పుడు నాకిష్టం. ఆ సరదా ఖరీదు ఆ 0.10.

పదో వంతు మిల్లీమీటరుకి ఇంత గొడవా అనిపిస్తుంది, లెక్క వేస్తే అవుననే వచ్చింది. ఇరుసు నుంచి స్టాప్ పిన్ను తగిలే చోటికి 7 మి.మీ., నాలుక తగిలే చోటికి 6. పిన్ను 0.10 అరిగితే బ్లేడు అంత ఎక్కువ తెరుచుకుంటుంది, నాలుక దగ్గర ఆ ఖాళీ 0.086. ఈ ఖాళీని వాలు మీద పక్కకి జరిగి పూడ్చుకోవాలి, 0.086ని 0.14తో భాగిస్తే 0.6 మి.మీ. పిన్ను దగ్గర వెంట్రుకంత తేడా వస్తే నాలుక దగ్గర దానికి ఆరు రెట్లు వస్తుంది. నాలుక చివరికంటా పోయిందంటే చూడాల్సింది నాలుకని కాదు.

పైసా ఖర్చు లేని మందు వెంటనే దొరికింది: పిన్నుని పావు చుట్టు తిప్పి, అరగని వైపు బ్లేడుకి తగిలేలా పెట్టి బిగించడం. నాలుక 2.6కి వచ్చింది. లెక్క ప్రకారం 2.4 రావాలి, కానీ అంతకుముందు అవతలి రేకు అడ్డం లేకపోతే నాలుక 3.0 దాటి ఇంకా పోయేదే, ఆ మిగులు ఊపు రూపంలో కనిపించేది. డబ్బా పరీక్ష: 6.4 కిలోలు.

ఎవరిదైనా ఇలాంటి చాకే అయితే ముందు ఇదే చేసి చూడండి. చాలామందికి ఇక్కడితో అయిపోవచ్చు. నాకు అవలేదు. పిన్ను రేకుల రంధ్రాల్లో వదులుగా కూర్చుంటుంది, వాడుతుంటే తనంతట తనే తిరుగుతుంది. జూన్ 5న చూస్తే చదును మళ్లీ బ్లేడు వైపుకే వచ్చి కూర్చుంది, నాలుక 3.0.

ఇప్పటిదాకా: 9 గంటలు, రూ. 870.

## దశ 5: లావు పిన్ను, మెత్తటి ఇనుముతో (జూన్ 8)

కాలవలకి నీళ్లు వదిలారు, ఊళ్లో అందరూ నారుమళ్ల పనిలో ఉన్నారు, లేత్ షాపు ఖాళీగా దొరికింది. వేమగిరి వైపు ఉన్న ఆ లేత్ ఆయన రొయ్యల చెరువుల ఏరేటర్ షాఫ్టులు, మోటారు షాఫ్టులు తిప్పుతాడు. నా పిన్ను అరచేతిలో పెట్టుకుని చూసి, "ఇది లేత్ పనా, కంసాలి పనాండీ?" అన్నాడు.

కొలతలు కాగితం మీద బొమ్మ గీసి ఇచ్చాను: మధ్య భాగం పొడవు 3.3, లావు 4.4. రెండు చివర్లూ ఒక్కొక్కటి 1.5 పొడవు, 3.0 లావు (రేకుల రంధ్రాలు అంతే). మొత్తం 6.3 మి.మీ. 4.4 ఎందుకంటే నాలుక 2.6 నుంచి 1.4కి రావాలి, అంటే 1.2 తగ్గాలి, పైన లెక్క ప్రకారం వ్యాసం 0.4 పెరగాలి. గట్టి ఉక్కుతో చేయించేముందు మామూలు మెత్తటి ఇనుముతో ఒక ట్రయల్ అడిగాను. కొలత తప్పితే మెత్తటిదే పోతుంది. రూ. 100.

బిగిస్తే నాలుక 1.4, లెక్కకి సరిగ్గా. డబ్బాతో 8.4 కిలోలు నిలిచింది, ఆపైన పోయలేదు, నా వేలికి అంత చాలు.

కానీ చాకు మూసి తలకిందులుగా ఊపితే బ్లేడు బయటికి వచ్చేస్తోంది! జేబులో తెరుచుకునే చాకు లాకు లేని చాకు కంటే ప్రమాదం. మూసినప్పుడు కూడా బ్లేడు అదే స్టాప్ పిన్నుకి ఆనుకుని ఆగుతుందన్న సంగతి నేను మర్చిపోయాను. పిన్ను లావైంది కాబట్టి బ్లేడు పూర్తిగా మూసుకోవట్లేదు. ఇరుసు దగ్గర 0.2 తేడా, 80 మి.మీ. దూరంలో ఉన్న మొన దగ్గర 2.3. మొన ఇంకా పిడి లోపలే ఉంది, కానీ గోళీ గుంట మధ్యలో కాకుండా గట్టు మీద కూర్చుంది.

రెండు వైపులా బేరం కుదర్చాలి. పిన్నుని డ్రిల్లు మిషన్ చక్‌లో పట్టి, తిప్పుతూ, ఎమెరీ పేపరుతో తగ్గించాను: 4.36, ఊపితే ఇంకా వస్తోంది. 4.33, గట్టిగా విదిలిస్తేనే వస్తోంది. 4.30, రాలేదు. నాలుక 1.7 దగ్గర ఆగింది, సగానికి కాస్త పైన. దీంతో సర్దుకున్నాను. మీ చాకుకి ఈ అంకె వేరే వస్తుంది, కాబట్టి కొంచెం లావుగా చేయించుకుని తగ్గించుకుంటూ రావడమే దారి.

అనుకున్నట్టే మెత్తటి పిన్ను 300 సార్లకి 0.04 పల్లం పడింది, నాలుక 1.9కి జరిగింది. ట్రయల్‌గా దాని పని అది చేసింది.

ఇప్పటిదాకా: 12 గంటలు, రూ. 970.

## దశ 6: గట్టి పిన్ను (జూన్ 19, 21)

లేత్ ఆయన డ్రాయరులో సిల్వర్ స్టీల్ రాడ్ ముక్క ఉంది. ఇది కర్బనం ఎక్కువున్న ఉక్కు, కాల్చి చల్లార్చితే గట్టిపడుతుంది. 4.3తో రెండు పిన్నులు చేయించాను, రూ. 250. రెండు చేయించండి. ఎందుకో ఇప్పుడే చెప్తాను.

ఊళ్లో కొడవళ్లూ బొండాల కత్తులూ చేసే కొలిమికి తీసుకెళ్లాను. కొలిమి మావయ్య సన్న తీగకి పిన్ను కట్టి నిప్పుల్లో పెట్టాడు, ఎర్రగా అవగానే అలవాటుగా పక్కనున్న నీళ్ల తొట్టిలో ముంచేశాడు. "మావయ్యా, నూనె" అనేలోపే అయిపోయింది. తీసి చూస్తే చివర సన్నబడే చోట వెంట్రుకలాంటి పగులు. లావూ సన్నమూ కలిసే మూల అది, నీళ్లు ఒక్కసారిగా చల్లార్చేసరికి అక్కడే తెగింది. పటకారుతో నొక్కితే టక్కున విరిగింది. ఇంత చిన్న మెట్ల పిన్నుకి నూనె సరిపోతుంది.

రెండోదానికి కొంచెం జాగ్రత్త:

1. నిప్పుల పక్కన అయస్కాంతం కట్టిన ఇనప ఊచ పెట్టుకున్నాను. ఉక్కు దాదాపు 770 డిగ్రీల దగ్గర అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది. అది మానేశాక ఇంకాస్త ఎరుపెక్కనివ్వాలి, పసుపు రంగులోకి పోనివ్వకూడదు.
2. గోరువెచ్చని వేరుశనగ నూనెలో నిలువుగా ముంచి కదిపాం.
3. ఆకురాయితో గీస్తే గాజు మీద గీసినట్టు జారిపోయింది. గట్టిపడిందని గుర్తు.

ఇలా వదిలేస్తే గాజులాగే పెళుసుగా ఉంటుంది, కాస్త వేడి చూపించి పెళుసు తగ్గించాలి. దీనికి ఇంట్లో పేలాలు వేయించే ఇసుక మూకుడు దొరికింది. పిన్నుని ఎమెరీతో మెరిసేలా రుద్ది, వేడి ఇసుకలో సగం దిగేసి, రంగు చూస్తూ కూర్చోవాలి. తెల్లటి మెరుపు మెల్లగా లేత ఎండుగడ్డి రంగుకి వస్తుంది, అప్పుడు తీసెయ్యాలి. గోధుమ రంగు దాటి నీలంలోకి పోతే మెత్తబడినట్టే. నాది ఎండుగడ్డి రంగుకి రాగానే పటకారుతో పట్టుకోబోయాను, జారి ఇసుకలోకి మునిగిపోయింది. స్టవ్ ఆపి, ఇసుక అంతా పళ్లెంలో గుమ్మరించి, అయస్కాంతంతో వెతికి పట్టుకునేసరికి నిమిషం పైనే పట్టింది. రంగు కాస్త ముదిరింది కానీ నీలం కాలేదు. అమ్మ ఆ ఇసుకని మళ్లీ వాడనన్నది, అది వేరే గొడవ.

పైన పట్టిన పొర రుద్దేశాక కొలత 4.28.

ఇప్పటిదాకా: 16 గంటలు, రూ. 1,220.

## దశ 7: చివరి బిగింపు (జూన్ 22)

అరిగిన టీ6 బదులు అదే మరకి (స్క్రూ చుట్టూ ఉండే గాట్లకి) సరిపోయే మామూలు స్క్రూ సెల్‌ఫోన్ రిపేరు షాపులో దొరికింది, రూ. 20. నీలం రంగు థ్రెడ్ లాకర్ (స్క్రూ వదులవకుండా మరకి రాసే జిగురు) చిన్న ట్యూబు రూ. 110. ఎర్ర రంగుది తీసుకోవద్దు, దాన్ని మళ్లీ విప్పడం నరకం.

1. ఇరుసు వాషర్లకి సూది మొనతో ఒక్కో చుక్క నూనె.
2. నాలుక మొన, మడమ ముఖం, స్టాప్ పిన్ను: స్పిరిట్‌తో తుడిచి పొడిగా.
3. ఇరుసు స్క్రూ పూర్తిగా బిగించి, బ్లేడు పక్కకి ఊగకుండా తేలిగ్గా తిరిగే దాకా కొద్దికొద్దిగా వదులు చెయ్యాలి. నాకు ఎనిమిదో వంతు చుట్టు.
4. ఆ చోటు గుర్తుపెట్టుకుని, స్క్రూ తీసి, మరకి థ్రెడ్ లాకర్ సూది మొనంత రాసి మళ్లీ అక్కడికే తేవాలి. ఎక్కువైతే వాషర్లలోకి కారుతుంది.
5. ఒక రాత్రంతా వదిలెయ్యాలి.

పొద్దున్న కొలతలు: నాలుక 1.75. మొన ఊపు లేదు. మూసి తలకిందులుగా ఊపితే బ్లేడు రాలేదు. డబ్బా పరీక్ష 8.4 కిలోలు, మూడుసార్లూ నిలిచింది.

ఇప్పటిదాకా: 17.5 గంటలు, రూ. 1,350.

## తరవాతి కొలతలు

జూన్ 29, 300 సార్లు తెరిచాక: 1.75.
జూలై 6, 700 సార్లు: 1.75. పిన్ను విప్పి టేబుల్ మీద దొర్లించాను, ఎక్కడా ఆగలేదు.
జూలై 20, అంట్లు మొదలైన రెండో వారం, దాదాపు 1,400 సార్లు: 1.8. నాలుక ముఖం మీద సొన పక్కు కట్టింది, స్పిరిట్‌తో తుడిస్తే మళ్లీ 1.75. ఇకపై శనివారం శనివారం ఆ తుడుపు పెట్టుకున్నాను.

మిగిలిపోయిన లోపాలు రెండు. గోళీ గుంట అంచుకి దగ్గరగానే కూర్చుంటోంది కాబట్టి మూసినప్పుడు మునుపటంత గట్టి పట్టు లేదు, అందుకని చాకు మొన పైకి ఉండేలా జేబులో పెట్టుకోవడం మానేశాను. దశ 2లో గోళీ గీసిన గీత దగ్గర తెరిచేటప్పుడు చిన్న గరగర వస్తోంది, ఈ సీజన్ అయ్యాక చూడాలి.

మణికట్టు విదిలించి తెరవడం మానేశాను, బొటనవేలితోనే తెరుస్తున్నాను. చప్పుడు రావట్లేదు.